మంత్రిగారి శవపేటిక

"ఆపు బాబాయ్! కారాపు!"

"పిచ్చా నీకు? వెనక చూడు!"

అఫ్రియె చూస్తుంది. ఎర్ర దుమ్ములోంచి ఆర్మీ జీపు... ఇంకా వెనకే!

జాంఫి యాక్సిలరేటర్ తొక్కుతాడు. కుమాసి ఊరి సందుల్లో పాత ప్యూజో కారు ఎగిరెగిరి పడుతోంది. అరటికాయలు కాల్చే బండి తృటిలో తప్పుతుంది. అమ్మే ఆవిడ తిట్టిన తిట్టు కారులోకి వినబడుతుంది.

"బోర్డర్ దాటిస్తా తల్లీ. మీ నాన్న పక్కన ఇరవై ఏళ్ళు తిరిగినవాణ్ణి. నా మాట విను."

"నాన్నని ఇవాళ పూడుస్తున్నారు!"

"పూడ్చనీ! నువ్వన్నా బతుకు."

ఆమెకి ఒళ్ళు మండిపోతోంది.

నాన్న... అదార్క్వా. స్వాతంత్ర్యం వచ్చాక మొదటి కేబినెట్‌లో మంత్రి. తెల్లవాళ్ళ జైల్లోంచి నడుచుకుంటూ వచ్చాడు. మనవాళ్ళ జైల్లోంచి పెట్టెలో వచ్చాడు! గుండెపోటని, గద్దెనెక్కిన కర్నల్ రేడియోలో చెప్పాడు. నుదుట తూటా అని జైలు డాక్టర్ ఆమెకి రహస్యంగా చెప్పాడు. అందుకే పెట్టెకి మేకులు కొట్టి పంపారు. ముఖం చూసి ఏడ్చే హక్కు కూడా లేదు!

సిగ్గులేని వెధవలు!

నానా ఒక్కడు చాలు. ఇక్కడి రాజు. ఆయన పెట్టె తెరవమంటే కాదనే దమ్ము ఈ ఊళ్ళో ఎవడికీ లేదు. కానీ ఆయనకి నిజం చెప్పేదెవరు?

మలుపు. కారు స్లో అవుతుంది. చావు డప్పులు...

అఫ్రియె డోర్ తెరిచి దూకేస్తుంది!

మోకాలు చీరుకుపోయింది. లేస్తుంది. పరుగు! ఎరుపు, నలుపు గుడ్డలు చుట్టుకున్న జనం మధ్యలోంచి... పెద్ద గొడుగు కింద కూర్చున్న నానా దగ్గరికి. పక్కనే సైనికుల కాపలాలో నాన్న పెట్టె.

వెనకే జాంఫి. భుజాల మీద అలాంటి గుడ్డే, రొప్పుతూ.

నానా ముందు బంగారు కర్రతో ఒక ముసలాయన. రాజు జనంతో నేరుగా మాట్లాడడు. ఏదైనా ఈయన ద్వారానే.

"ఎవరమ్మా నువ్వు?"

"అదార్క్వా కూతుర్ని, తాతా!"

"దీనికి మతి చలించింది." జాంఫి ఆమె చెయ్యి పట్టుకుంటాడు. "తీసుకుపోతా."

"నానా ముందు నిలబడ్డావు. ముందు మర్యాద చెయ్యి."

చెప్పులు విడవాలి. ఎడమ భుజం మీది గుడ్డ దించాలి. మంత్రయినా, కూలీ అయినా.

జాంఫి చెప్పులు విడుస్తాడు.

గుడ్డ దించడు!

"భుజం, నాయనా."

"జ్వరంగా ఉంది తాతా... చలి..."

మిట్టమధ్యాహ్నం. అతని మెడ మీద చెమట కారుతోంది.

అఫ్రియెకి ఇప్పుడు తడుతుంది. జీపు ఒక్కసారి కూడా కాల్చలేదు... ఒక్కసారి కూడా అడ్డం రాలేదు... తరుముతూ వచ్చింది, అంతే. బోర్డర్ వైపు!

గుడ్డ పట్టుకుని లాగేస్తుంది!

చంక కింద తోలు పట్టీ. అందులో ఆర్మీ పిస్టల్!

"నువ్వా బాబాయ్? నాన్నని పట్టించింది నువ్వా? మా అమ్మ దంచిన ఫుఫు ముద్దలు తిన్న చేత్తోనే!"

"దేశం దాటి పొమ్మన్నా. విన్నావా?" పిస్టల్ అతని చేతిలోకి వచ్చేసింది. "నోరు తెరిస్తే చస్తావ్."

"చస్తా! తాతా, నానాకి చెప్పు! గుండెపోటు కాదు... నుదుట తూటా! పెట్టె తెరిస్తే తెలుస్తుంది!"

పిస్టల్ ముసలాయన వైపు తిరుగుతుంది.

"ఆ మాట చెప్పావో... నువ్వూ పోతావ్."

డప్పులు ఆగిపోయాయి.

గొడుగు కింద నానా లేచి నిలబడతాడు. ఆయన లేవగానే ఊరంతా లేస్తుంది.

"నాకు వినబడింది."

ఎవరి ద్వారానూ కాదు. స్వయంగా!

"పెట్టె తెరవండి."

ఢాం!

అఫ్రియె కూలిపోతుంది. పొట్టలో నిప్పు. జాంఫి మీద జనం పడుతున్నారు... పెట్టెకి కాపలా ఉన్న సైనికులు... ఈ ఊరి కుర్రాళ్ళే... తలలు దించుకుని పక్కకి జరుగుతున్నారు. మేకులు ఊడుతున్న చప్పుడు.

ఎవరో ఆమె తల ఎత్తి పట్టుకున్నారు.

మూత లేచింది.

నాన్న నుదుట కన్నం... ఊరంతా చూస్తోంది!