జాబితాలో తొమ్మిదో పేరు

మంగళవారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఒవిదియో బార్రియా శవం దొరికింది.

అంకుద్ ఊరి రేవు పక్కన కనాల్ పిల్పిలెన్ అనే చిన్న టీవీ స్టేషన్ ఉంది. ఒకప్పుడు ఎండుచేపల గోదాము. మూడంతస్తుల చెక్క మేడ, పైన రేకుల కప్పు. అటక మీంచి ఒక చిన్న బురుజులోకి నిచ్చెన ఉంటుంది. ఆ నిచ్చెన కింద వెల్లకిలా పడి ఉన్నాడు ఒవిదియో. వయసు అరవై ఒకటి. ఆ స్టేషన్‌లో ఇరవై ఆరేళ్లుగా సౌండ్ టెక్నీషియన్.

ఇన్‌స్పెక్టర్ ఎలియానా నవెల్కిన్ పదింటికల్లా వచ్చింది. వాన ఆదివారం నుంచి తెరిపి ఇవ్వలేదు.

డాక్టర్ మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. తుంటి ఎముక విరిగింది. లోపల రక్తం కారింది. చనిపోయింది ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకీ రెండింటికీ మధ్య.

"పడ్డది మాత్రం అంతకు మూడు గంటల ముందు," అన్నాడు డాక్టర్. "పన్నెండున్నర లోపు ఆసుపత్రికి తెచ్చుంటే బతికేవాడు."

మూడు గంటలు. ఆదివారం ఆ మూడు గంటలూ కింద హాల్లో చర్చి గాయకబృందాల పోటీ లైవ్‌లో నడిచింది. మేడలో నూట యాభై మంది ఉన్నారు.

సోమవారం స్టేషన్‌కి సెలవు. ఒవిదియో భార్య పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. రెండు రోజులు ఆయన కోసం ఎవరూ వెతకలేదు. వెతకడానికి ఎవరున్నారని. పొరుగింటావిడ మాత్రం ఆయన కోళ్లు తెగ అరుస్తున్నాయని విసుక్కుందట.

ఎలియానాకి యాభై రెండేళ్లు. ఆమె ఇంట్లోనూ ఒక పొయ్యి, ఒక రేడియో, ఒక కుర్చీ. నేను పడితే ఎన్నో రోజున తలుపు కొడతారో అనుకుంది. ఆ ఆలోచనని అక్కడే వదిలేసి పనిలో పడింది.

మేడంతా తిరిగి చూసి నాలుగు సంగతులు నోట్‌బుక్‌లో రాసుకుంది.

నిచ్చెన ఐదో మెట్టు విరిగింది. పైన కొత్త రంగు. లోపల చెక్క పుచ్చి పిండైపోయింది.

ఒవిదియో తల పక్కనే చిన్న కెమెరా, దాని మీద మైకు. ఆయనతోపాటే పడ్డట్టుంది. బ్యాటరీ అయిపోయి ఆగిపోయింది.

కెమెరా నుంచి ఒక నెట్‌వర్క్ వైరు గోడలోని సాకెట్‌లోకి సరిగ్గానే దిగి ఉంది. కానీ ఆ వైరు రెండో అంతస్తు మెట్ల దగ్గర, వైర్లన్నీ కలిసే పెట్టెలోకి వచ్చే చోట ఊడి వేలాడుతోంది. దాని మీద 'అటక' అని చీటీ అంటించి ఉంది.

నాలుగోది, ఆయన కోటు. కంట్రోల్ రూములో మేకుకి వేలాడుతోంది. జేబులో ఫోను.

స్టేషన్ యజమానురాలు అదేలా ఒయార్సోని ముందుగా అడిగింది. ఆదివారం పదీ ఇరవైకి ఒవిదియోకీ తనకీ మాట పట్టింపు వచ్చిందని ఆమె ఒప్పుకుంది. బురుజులోంచి సముద్రం చూపించే కెమెరా ఒకటి పెట్టమని తను అడిగింది. ఈ వానలో ఏం కనిపిస్తుంది నా మొహం అని ఆయన గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. తర్వాత కనబడలేదు. అలిగి ఇంటికి పోయాడనుకున్నారు.

"కోటు లేకుండానా?" అడిగింది ఎలియానా.

అదేలా కిటికీ వైపు చూసింది. "కోటు సంగతి ఎవరూ చూడలేదమ్మా."

"నిచ్చెన?"

"రెండు వారాల కింద బాగు చేయించాం. రంగు కూడా వేయించాం కదా."

పోటీ జరిగినంతసేపూ తను ముందు వరసలో మేయర్ పక్కనే కూర్చున్నానంది అదేలా.

ఆ రోజు పనిలో ఉన్న వాళ్లు ఇంకా ఇద్దరే. మిరెయా కార్కమో, ముప్పై నాలుగేళ్లు. మొదటి అంతస్తు కంట్రోల్ రూములో మిక్సింగ్ డెస్క్ ఆమెది. ఏ కెమెరా బొమ్మ ప్రసారంలోకి వెళ్లాలో తేల్చేది ఆమె. రెండోవాడు ఫెర్మిన్ సోతో, ఇరవై తొమ్మిది. హాల్లో సౌండ్ టేబుల్ అతనిది. ఆ పని నేర్పింది ఒవిదియోనే.

ఇద్దరూ ఒకే జవాబు చెప్పారు. పది నుంచి రెండు వరకూ కుర్చీలోంచి లేవలేదు. ఏమీ వినలేదు. కింద పాటలు, పైన రేకుల మీద వాన.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఎలియానా పోలీస్ స్టేషన్‌లో తలుపు వేసుకుని కూర్చుంది. కెమెరాలో ఒక మెమరీ కార్డు దొరికింది. కెమెరా ఆన్‌లో ఉన్నంతసేపూ అది రికార్డు చేసుకుంటూనే ఉంది.

పదీ నలభై ఏడుకి మొదలైంది. చెయ్యి చాచి కెమెరా ఆన్ చేస్తున్న ఒవిదియో. చీకటి. తెల్లటి గడ్డం. "ఎవరైనా ఉన్నారా? అటక మీద పడిపోయాను. కదల్లేకపోతున్నాను."

ఐదేసి నిమిషాలకోసారి అరిచాడు. ఓపికగా, మైకు దగ్గరికి మొహం తెచ్చుకుని, ఒక్కో మాటా విడమరిచి. గంటకు పైగా అరిచాడు.

పదకొండూ యాభై రెండుకి ఆపేశాడు.

"హమ్మయ్య," అన్నాడు. "తొందరేం లేదు. పాట అయ్యాకే రండి."

పదకొండూ యాభై ఆరుకి, "బయల్దేరారు," అన్నాడు. అంతే. మళ్లీ కేక వెయ్యలేదు. మెట్ల వైపు తల తిప్పుకుని చూస్తూ ఉన్నాడు. మధ్యమధ్యలో పోయిన భార్యతో ఏదో చెప్పుకున్నాడు. ఒంటిగంటా ఇరవై రెండుకి ఆయన చెయ్యి మైకు మీద పడింది. శబ్దం ఆగిపోయింది. ఆ తర్వాత పెదవులు కొంచెంసేపు కదిలాయి. ఒంటిగంటా ముప్పై నాలుగు తర్వాత అవీ లేవు.

కార్డు ముందే చూసిన కానిస్టేబుల్ రిపోర్టులో రెండు ముక్కలు రాశాడు. 11.52 నుంచి మతి తప్పిన మాటలు. 11.52 నుంచి 11.56 వరకు కెమెరాలో రంగు లోపం.

రంగు లోపం ఏమిటి? ఎలియానా వెనక్కి తిప్పింది. మళ్లీ చూసింది. ఆ నాలుగు నిమిషాలూ ఒవిదియో గడ్డం లేత ఆకుపచ్చగా ఉంది. ముందు లేదు. తర్వాతా లేదు.

మతి తప్పినవాడు పాట అయ్యాక రమ్మని మర్యాదగా ఎందుకంటాడు? ఎవరితో అంటాడు?

ఆ రాత్రి ఆమె చల్లారిన బంగాళదుంప రొట్టె సగం తిని పక్కన పెట్టింది.

బుధవారం ఎనిమిదింటికి మిరెయాని డెస్క్ దగ్గర కూర్చోబెట్టి, ఇది ఎలా పనిచేస్తుందో చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పమంది.

మిరెయా చెప్పింది. ఈ మేడలో కెమెరాలూ మైకులూ అన్నీ ఒకే నెట్‌వర్క్ మీద ఉంటాయి. ఏది ఆన్ చేసినా దాని పేరు డెస్క్ మీద జాబితాలోకి దానంతటదే వచ్చేస్తుంది. పేరు మీద వేలు పెడితే దాని బొమ్మా, మాటా ఇక్కడికి వస్తాయి. ఆదివారం జాబితాలో ఎనిమిది పేర్లు. అన్నిటికీ గడియారం ఒకటే, సెకను తేడా రాదు.

"వేలు పెట్టినట్టు అవతలి కెమెరా దగ్గరున్నవాడికి తెలుస్తుందా?"

"తెలుస్తుంది మేడమ్. కెమెరా మీద దీపం ఉంటుంది. మేం ఇక్కడ చూస్తుంటే ఆకుపచ్చ. ప్రసారంలోకి వదిలితే ఎరుపు." చెబుతూ చెబుతూనే మిరెయా ఆగిపోయింది. 

"అటక మీద కెమెరా ఆన్ చేస్తే?"

"తొమ్మిదో పేరు వస్తుంది," అంది మిరెయా మెల్లిగా. "నేను స్టేజీ మీద కెమెరాలే చూస్తాను. జాబితా కిందికి జరిపి చూడలేదు."

డెస్క్ ఆపితే చూసినవేవీ అందులో మిగలవు. ఆదివారం రెండింటికి ఆపేశారు. దీపం వెలిగించిన వేలు ఎవరిదో యంత్రం చెప్పదు. ఎలియానా ఆదివారం ప్రసారమైన ప్రోగ్రాం రికార్డింగ్ మొత్తం తెప్పించుకుంది.

సాయంత్రం ఐదింటికి ముగ్గురినీ కంట్రోల్ రూముకి పిలిచింది. పొయ్యి రాజేశారు. ఎవరూ దాని దగ్గరికి జరగలేదు.

ముందు ఆకుపచ్చ దీపం సంగతి చెప్పింది. ఆదివారం పదకొండూ యాభై రెండుకి ఎవరో ఈ డెస్క్ మీద తొమ్మిదో పేరు తాకారు. ఒవిదియోని చూశారు. ఆయన మాట విన్నారు. నాలుగు నిమిషాలు విన్నారు. తర్వాత రెండో అంతస్తుకి వెళ్లి వైరు పీకేశారు. దీపం ఆరిపోయింది. తన కోసం బయల్దేరారనుకున్నాడు ఆయన. అందుకే ఇక అరవలేదు.

అదేలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆ టైమ్‌లో ప్రసారం చూద్దాం," అంది ఎలియానా.

తెర మీద హాలు కనిపించింది. ఆరో బృందం, ముందు నిలబడి పాడుతున్న ముసలావిడ. కెమెరా వెనకనుంచి హాలంతా చూపిస్తోంది. ఒక నిమిషం, రెండు, మూడు. బొమ్మ మారలేదు.

"ఆ పాటప్పుడు దగ్గరి షాట్ ఒక్కటీ వెయ్యలేదని పదకొండు మంది ఫోన్ చేసి తిట్టారు," అంది అదేలా.

"ఆ మారని బొమ్మే మనకి సాయం చేసింది. ఇందులో మనుషుల్ని వెతకండి."

ముందు వరసలో మేయర్ పక్కన అదేలా. ముడి వేసుకున్న జుట్టు స్పష్టంగా ఉంది. వెనక తలుపు పక్కన గోడకి ఆనుకుని మిరెయా. కళ్లు తుడుచుకుంటోంది.

"పాడేది మా అమ్మ," అంది మిరెయా.  "ఈ ఒక్క పాటకే కిందికి వెళ్లాను మేడమ్. డెస్క్ వదిలానంటే ఉద్యోగం పోతుందని చెప్పలేదు."

"డెస్క్ ఎవరికి అప్పజెప్పావు?"

మిరెయా జవాబు చెప్పక్కర్లేకపోయింది. హాలు ఎడమ మూల సౌండ్ టేబుల్ కనిపిస్తోంది. టేబుల్ మీద హెడ్‌ఫోన్లు. వెనక కుర్చీ ఖాళీ.

ఫెర్మిన్ ఆ కుర్చీనే చూస్తున్నాడు.

"కార్డునే పట్టుకుని చూశాం అందరం. లైవ్‌లో ప్రసారమైంది ఎవరూ తిరిగి చూడలేదు," అంది ఎలియానా. "ఒవిదియోని చూశాక నీకు చెయ్యి ఆడలేదు ఫెర్మిన్. బొమ్మ మార్చడం మరిచిపోయావు. నీ ఖాళీ కుర్చీని నాలుగు నిమిషాలు నువ్వే ఊరందరికీ చూపించావు."

బయట ఓడ కూత వినిపించింది. ఫెర్మిన్ కూర్చోవాలన్నట్టు వెతుక్కుని, నేల మీదే కూర్చున్నాడు.

"మెట్టు మార్చమని నాకే చెప్పారు," అన్నాడు. "కొత్త చెక్క తెచ్చాను. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ రంగు పూసి అయిపోయిందన్నాను. జాబితాలో ఈ కొత్త పేరేంటని తాకాను. ఆయన్నలా చూడగానే అదే మెట్టని అర్థమైంది."

"పైకి ఎందుకు వెళ్లలేదు?"

"కాలు విరిగిందనుకున్నాను మేడమ్. కాలు విరిగితే చావరు కదా. ప్రోగ్రాం అవగానే ముందు మెట్టు మార్చేసి, తర్వాత అంబులెన్స్ పిలుద్దామనుకున్నాను. రెండూ ఇరవైకి చెక్క పట్టుకుని వెళ్లాను. అప్పటికే..."

"భయపడి ఆ చెక్క కూడా వెనక్కి తెచ్చేసుకున్నావు."

తలూపాడు.

"వైరు పీకింది మిరెయా చూస్తుందనా?"

"అదొకటి," అన్నాడు. "ఆయన దీపం వంకే చూస్తున్నాడు. నవ్వాడు మేడమ్. నన్ను చూసి నవ్వినట్టే ఉంది. భరించలేకపోయాను."

మిరెయా ఏడుస్తోంది. అదేలా లేచి కిటికీ దగ్గరికి వెళ్లి, వీపు తిప్పి నిలబడింది.

ఎలియానా కాగితం మీద టైమ్ వేసింది. ఐదూ నలభై ఒకటి. బేడీలు తీసింది కానీ వెంటనే వెయ్యలేదు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఆమె చాలామంది నేరస్తులని చూసింది. చాలామంది ఇలాగే ఉండేవాళ్లు. చెయ్యాల్సిన పనిని ఒక గంట వెనక్కి నెట్టినవాళ్లు.

"నా గురించి ఏమైనా అన్నాడా?" అడిగాడు ఫెర్మిన్. "ఆఖర్న?"

"తెలీదు. ఒంటిగంటా ఇరవై రెండుకి మైకు ఆపేశాడు. చెయ్యి తగిలి ఆగిందని మావాళ్లు రాశారు. నేను ఆరుసార్లు చూశాను. తగల్లేదు. మీట వెతుక్కుని, జాగ్రత్తగా నొక్కాడు. ఆ టైమ్‌కి కింద ఏం జరుగుతోంది?"

ఫెర్మిన్ పెదవులు కదిలాయి. 

"ఆఖరి పాట," అన్నాడు. "బహుమతులిచ్చే ముందు అందరూ కలిసి పాడేది. అది మొదలయ్యే ముందు, వాడని మైకులన్నీ ఆపేస్తాం. పొరపాటున ఒక్కటి తెరిచి ఉన్నా పాట పాడవుతుందని. నాకు ఆయన మొట్టమొదట నేర్పింది అదే."



ఫెర్మిన్ రెండు చేతులూ ముందుకి చాచాడు.