లియాన్ కళ్ళు మూసుకుని చెప్పిన జవాబు

బారో ఊళ్ళో జనవరి నెలంటే పొద్దున ఏడు దాటినా తెల్లారదు, వంటింట్లో లైటు ఆర్పే పని ఉండదు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చిన లియాన్ కోటు కూడా విప్పకుండా బల్ల ముందు కూలబడింది. ఎదురుగా తండ్రి డెరెక్ ఒక చేత టోస్టు, ఇంకో చేత లావుపాటి ప్రశ్నల పుస్తకం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నలభై ఏళ్ళు ఓడల కార్ఖానాలో వెల్డింగు చేసిన మనిషి, కూతురి పుణ్యమా అని ఈ మూడేళ్ళలో సగం వైద్యం నేర్చేశాడు.

ఫ్యామిలీ డాక్టరుగా శిక్షణకి సీటు రావాలంటే కంప్యూటర్ పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు కొద్దిలో తప్పింది. మూడోసారికి ఇంక తొమ్మిది రోజులే ఉంది. ఈసారీ రాకపోతే ఆశ వదులుకుంటానని భర్త గ్యారీకి మాటిచ్చింది. నిమిషం లోపే ఒక్కో ప్రశ్న తేల్చాలి కాబట్టి తండ్రి చదవడం, ఆమె కళ్ళు మూసుకుని జవాబు చెప్పడం ఆ ఇంట్లో అలవాటైపోయింది. వేరే మాటలు ఎప్పుడో ఆగిపోయాయి.

"తోటి డాక్టరు తాగి డ్యూటీకొచ్చాడు. ఐదు పనులిచ్చారు, ఏది ముందో ఏది చివరో వరసగా చెప్పు," అన్నాడు డెరెక్.

"ముందు రోగుల దగ్గర్నుంచి తప్పించాలి. తర్వాత పై డాక్టరుకి చెప్పాలి. సి, ఎ, ఇ, బి, డి."

"బి కన్నా డి ముందట. మా ఫోర్‌మన్ అయితే మొదట వాడికో టీ పోయించేవాడు."

"ఇది మీ ఫోర్‌మన్ పెట్టే పరీక్ష కాదు నాన్నా. తర్వాతది చదువు."

డెరెక్ పేజీ తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు. "డెబ్బై మూడేళ్ళ మనిషి. మెట్లెక్కితే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఏమై ఉంటుంది?"

"గుండె బలహీనపడింది. ముందు రక్తపరీక్ష, దాన్నిబట్టి గుండె స్కాన్. ఇలాంటి తేలికవి అడిగి టైం పాడు చెయ్యకు."

"ప్రమాదమేనా?"

"ఆలస్యం చేస్తే ప్రమాదమే. తర్వాతది."

టీ పోస్తున్న గ్యారీ మామగారి భుజం మీదుగా తొంగిచూశాడు. "డెరెక్, ఆ పేజీ నిండా చెవిపోటు గురించే ఉంది. మీరు చదివింది ఎక్కడుంది?"

డెరెక్ పుస్తకం బల్ల మీద పెట్టేశాడు. లియాన్ కళ్ళు తెరిచింది. ఎన్ని వారాలైందో తండ్రి ముఖం సరిగ్గా చూసి. ఆ ముఖం పాలిపోయి ఉంది. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"ఎప్పట్నుంచి?" అంది.

"క్రిస్మస్ నుంచి."

"ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని ఒక్క ముక్క చెప్పలేవా? నీకేమన్నా అయితే నేనేమైపోవాలి?"

"చెప్పానమ్మా. శనివారం కూడా ఇదే అడిగా. తేలికదని తర్వాతది చదవమన్నావు."

"మామూలుగా చెప్పొచ్చుగా నాన్నా."

"మామూలుగా చెబితే పుస్తకం మూసేస్తావు. మూడోసారీ పోతే, నా వల్లే పోయిందని నేనెట్లా బతకను?"

"పోనీ క్లినిక్కి ఫోన్ చెయ్యాల్సింది," అన్నాడు గ్యారీ.

"ఎనిమిదింటికి గానీ వాళ్ళు ఫోన్ ఎత్తరు, ఆ వేళకి ఊరంతా ఆ లైన్లోనే ఉంటుంది. నాకన్నా జబ్బుగా ఉన్నవాళ్ళకి అడ్డమెందుకని ఊరుకున్నా."

లియాన్ నేల మీద కూర్చుని తండ్రి మేజోడు కిందికి దించింది. బొటనవేలితో చీలమండ మీద నొక్కితే పడిన గుంట పూడలేదు. రాత్రంతా ఎవరెవరి కాళ్ళో ఇలాగే నొక్కి చూసి వచ్చింది తను. కోపం తండ్రి మీద కాదని, తన మీదేనని అప్పుడు తెలిసింది. కళ్ళు మసకబారాయి.

ఎనిమిదవుతుండగానే గ్యారీ క్లినిక్ నంబరు కలిపి ఫోన్ ఆమె చేతికిచ్చాడు. ఫోన్ లైన్లో అప్పటికే వాళ్ళకన్నా ముందు పదహారు మంది ఉన్నారు.

"ఈలోగా రెండు ప్రశ్నలైపోతాయి," అంటూ డెరెక్ పుస్తకం అందుకోబోయాడు.

లియాన్ దాన్ని పక్కకి జరిపింది. "పరీక్షకి వెళ్తాను, బెంగపడకు. ఇప్పుడు నేనడుగుతా, నువ్వు చెప్పు. రాత్రి ఎలా పడుకున్నావు?"

"బానే..." అని ఆగిపోయాడు. "పడుకోలేదమ్మా. కుర్చీలోనే కూర్చున్నా, నువ్వెప్పుడొస్తావా అని."

ఫోన్ చెవికి ఆనించుకునే ఆమె తండ్రి మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన చెయ్యి ఆమె జుట్టు మీద పడింది.

"ఇంకా చెప్పు నాన్నా. నింపాదిగా చెప్పు. మన వంతు రావడానికి చాలా టైముంది."