కొమురెల్లి కుడి భుజం

పొద్దు బారెడు ఎక్కకముందే ఐలవ్వ కరీంనగర్‌లో దేవదాసు గడప తొక్కింది. జమ్మికుంట నుంచి మొదటి బస్సులో నిలబడే వచ్చింది. కూర్చోమంటే కూర్చోదు. నీళ్లిస్తే చెంబు చేతిలో పట్టుకుని ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతుంది.

“నా పెనిమిటిని ఈ మాపటి బస్సుకు జైలుకు తోలుతరంట బాంచెన్. ఖూనీ కేసు, ఉరేస్తరంటున్నరు. చీమను చూస్తే పక్కకు జరిగేటోడు, ఖూనీ జేస్తడా?”

దేవదాసు పన్నెండేళ్లు ఒక ఎముకల డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, ఆ తర్వాత ప్రైవేటు డిటెక్టివు అని బోర్డు కట్టుకున్న మనిషి. ఆ బోర్డు చూసి నవ్వినవాళ్లు ఊరు నిండా ఉన్నారు. సహాయకుడు దశరథం మాత్రం దాన్ని రోజూ తడిగుడ్డతో తుడిచేవాడు.

“మొదటి నుంచి చెప్పు అవ్వా,” అన్నాడు దేవదాసు.

ఐలవ్వ చెప్పింది. కొమురెల్లి పత్తి మిల్లులో బోరేలు, అంటే పత్తి బస్తాలు, మోసే హమాలి. నిన్న తెల్లవారి మిల్లు తెరిచేసరికి, హమాలీల మేస్త్రి మొండయ్య నడినెత్తి పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే బోరేలు లాగే కొమురెల్లి ఇనుప కొక్కెం నెత్తురోడుతూ దొరికింది. కొక్కేలన్నీ పనయ్యాక షెడ్డులోనే వేలాడతాయి. కాని అంతకు ముందురోజే ఇద్దరికీ మాటామాటా అయింది.

“మొండయ్య ‘నీతోని బోరెం లేస్తలేదు, ఇంట్ల కూసో’ అన్నడు. నిజమే బాంచెన్. రెండు నెలల కింద జారుతున్న బోరేన్ని పట్టబోతే రెక్క కీలు ఊడింది. కట్లు గట్టేటాయన కీలు కూసోబెట్టిండు గని చెయ్యి లేస్తలేదు. తెలిస్తె ముఠాల నుంచి తీస్తరని దాసుకుండు. తెల్లారకముందే, ఎవ్వలు చూడకముందే, నెత్తికి రుమాలు సుత నేనే చుడుతున్న.”

దేవదాసు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

జమ్మికుంట ఠాణాలో పోలీసు అమీన్ వాళ్లను చూసి నవ్వాడు.

“కొమురెల్లి చెయ్యి లేస్తలేదని నాటకం ఆడుతుండయ్యా! భుజాలెగరెయ్యమంటె ఎగరేస్తడు. మోచెయ్యి ముడుస్తడు. పిడికిలి పడితె నా వేళ్లిరుగుతయి. చెయ్యి లేపమంటె మాత్రం జానెడు లేపి ఆపుతడు. పడిపోయిన చెయ్యి గట్లుంటదా?”

దేవదాసు కొమురెల్లి అంగీ విప్పించి, కళ్లు మూయించి, తుమ్మముల్లుతో మెల్లగా గుచ్చుతూ పోయాడు. మెడ దగ్గర “అబ్బ” అన్నాడు. వేళ్ల దగ్గర “అబ్బ” అన్నాడు. భుజం బయటివైపు, రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్ద జాగాలో మూడుసార్లు గుచ్చినా ఉలుకూ పలుకూ లేదు. ఎడమ భుజం బోర్లించిన ముంతలా గుండ్రంగా ఉంది. కుడి భుజం కండ కరిగి, ఎముక మూల తేలింది. దశరథం అన్నీ రాసుకున్నాడు, ఏదీ అర్థం కాలేదు. అటు పొద్దు వాలుతుంటే అతని కాలు నిలవడం లేదు.

మిల్లు గేటు దగ్గర చాయ్ అమ్మే ఎల్లక్క ఎదురై, వాళ్ల వెంటే లోపలికి వచ్చింది. లోపల తూకం వేసే బుచ్చిరాములు కుడిచెయ్యి మెడకు వేలాడగట్టుకుని మూలుగుతున్నాడు.

“మొన్న మాపున బోరేల కుప్ప మీదికెల్లి పడ్డ సారూ. భుజం కాడికెల్లి వేళ్ల దాక కట్టె. గుచ్చినా తెల్వది. ఇంట్ల ఒంటిగాణ్ణి, ఎడమ చేత్తోనే బువ్వ.”

“అయినా సోకుకు తక్కువ లేదు,” అంది ఎల్లక్క. “నిన్న తెల్ల రుమాలు, ఇయ్యాల ఎర్రది. పెండ్లికొడుకు లెక్క!”

దేవదాసు ఒక బోరెంలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి తీశాడు. అరచెయ్యి చెమ్మగా ఉంది. నెల రోజులుగా చినుకు లేదు.

బస్సుకు గంట ముందు హమాలీలందరినీ, బుచ్చిరాములును, ఎల్లక్కను మిల్లు వాకిట్లో కూర్చోబెట్టారు. అమీన్ కొమురెల్లిని తీసుకొచ్చాడు. ఐలవ్వ గోడ పట్టుకుని నిలబడింది.

“మొండయ్య మీ అందరికన్నా పొడుగు,” అన్నాడు దేవదాసు. “దెబ్బ నడినెత్తిన, పైనుంచి, కుడిచేతి వాటంగా పడింది. కొట్టినవాడు చెయ్యి తలకు మించి లేపాలి. అమీన్ సాబ్, భుజానికి ఒక్క నరం కాదు. భుజాలెగరేసే కండకు మెడ నుంచి వేరే నరం వస్తుంది. మోచెయ్యి ముడిచేది ఇంకొకటి. చెయ్యిని మొదటి జానెడు లేపే కండకు మరొకటి. ఆపైన లేపేది భుజం మీద టోపీలా కప్పిన పెద్ద కండ. దాని నరం చంక కింద నుంచి చేతి ఎముక పైభాగం చుట్టూ తిరుగుతుంది. కీలు ఊడినప్పుడు నలిగేది అదే. అది నలిగితే, కొమురెల్లికి లాగే, భుజం బయటివైపు ఆ కాస్త చర్మం మొద్దుబారుతుంది. అబద్ధం ఆడేవాడికి ఆ జాగా తెలియదు. చెయ్యంతా చచ్చిందంటాడు.”

అందరి చూపులూ బుచ్చిరాములు మీదికి పోయాయి.

“నేను జోరుగ పడ్డ సారూ! అన్ని నరాలు పోయినయి!”

“పోవచ్చు, అలా కూడా అవుతుంది,” అన్నాడు దేవదాసు. “మరి రెండు చేతులు లేనిదే చుట్టలేని ఈ ఎర్ర రుమాలు ఇవాళ ఎవరు చుట్టారు?”

“ఎల్లక్క...”

“నీ నోట్ల మన్నువడ! నా మొగనికే ఎన్నడు చుట్టలే!”

దేవదాసు చటుక్కున వంగి ఆ రుమాలు ఎగరగొట్టాడు. ఇంతమంది పెద్దల ముందు బోడినెత్తి! బుచ్చిరాములు రెండు చేతులూ ఒక్కసారే నెత్తి మీదికి లేచాయి. మెడకట్టు ఖాళీగా ఊగింది.

అమీన్ ఆ రెండు చేతులనూ అలాగే పట్టుకున్నాడు.

“ఇతను తూకం పెరగాలని పత్తిలో నీళ్లు చల్లుతున్నాడు,” అన్నాడు దేవదాసు. “నిన్న తెల్లవారి అందరికన్నా ముందుగా వచ్చిన మొండయ్య కళ్లారా చూశాడు. షెడ్డులో చేతికందిన కొక్కెం కొమురెల్లిది.”

బుచ్చిరాములు “మిల్లు సేటుకు చెప్తనన్నడు...” అని కూలబడ్డాడు.

బేడీలు విప్పగానే కొమురెల్లి ముఖం తువ్వాలలో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. “పానం దక్కింది గని, నా రెక్క సంగతి ఊరందరికి తెలిసిపాయె.”

“ఆ నరం నెలకు అంగుళం చొప్పున పెరుగుతుంది. రావచ్చు, రాకపోవచ్చు,” అన్నాడు దేవదాసు. “అప్పటిదాకా బోరెం ముట్టకు.”

హమాలీల్లో పెద్దవాడు హనుమండ్లు లేచి దుమ్ము దులుపుకున్నాడు. “మొండయ్య పోయినంక, అందరం కలిసి ఎత్తంగ మాకు పాడి పదం చెప్పేటోడు లేడు. పదం లేంది బోరెం లేవది. రెక్క లేకుంటె గొంతు లేదారా నీకు?”

“గొంతా?” ఐలవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆ రోజు మొదటిసారి నేల మీద కూర్చుంది. “ఇన్నేండ్లు నా ఒక్కదాని మీదనే లేసిందయ్యా. జర మీరు సుత మొయ్యుండ్రి.”