సలాం ఫిరంగిలో ఇనుపగుండు

"ఆవిణ్ణి చంపకూడదు. నా షరతు అదొక్కటే."

జూనియో ఆలివ్ గింజని కిటికీలోంచి బయటికి ఊశాడు. రగూజా రిపబ్లిక్ గూఢచారి విభాగానికి అధిపతి ఆయన. ఎదురుగా నిలబడ్డ ఓర్సాత్ ఆయన దగ్గరున్న ఏజెంట్లలో మొనగాడు.

ఆవిడంటే ఎవరో ఓర్సాత్‌కి చెప్పనక్కర్లేదు. ఫియామెట్టా. వెనిస్ నాటకాల కంపెనీలో నటి. ఆమె వీధిలోకి వస్తే దుకాణాల్లో బేరాలు ఆగిపోతాయి. రగూజాకి ఏజెంట్. వెనిస్‌కీ ఏజెంటే. రెండేళ్ల కిందట ఆమె ఒక్క పేరు బయటపెట్టినందుకు ఓర్సాత్ తమ్ముడు లుక్షాని వెనిస్ ఏలుబడిలోని జాదర్ కోటగుమ్మానికి ఉరి తీశారు. తీయించినవాడు వెనిస్ గూఢచారుల నాయకుడు కెప్టెన్ బల్దస్సారే. ఆ రోజు జాలరి వేషంలో ఓర్సాత్ అదే గుమ్మం కిందనుంచి నడిచాడు. తలెత్తి చూస్తే పట్టుబడిపోతాడు. చూడలేదు. తమ్ముడి పాదాల నీడ మాత్రం దారి మీద అటూ ఇటూ ఊగింది. దాన్ని దాటుకుని నడిచాడు.

"మిషన్ ఏమిటి బాబాయ్?"

"రేపు మధ్యాహ్నం సుల్తాను రాయబారి జుల్ఫికర్ ఆగా మన రేవులో దిగుతున్నాడు, ఒప్పందం మీద ముద్ర వేయడానికి. వేసేలోపే అతన్ని మన గడ్డ మీద చంపాలని బల్దస్సారే ప్లాన్."

"చస్తే?"

"సుల్తాను మనల్ని బూడిద చేస్తాడు. ఆ బూడిదని కాపాడతామంటూ వెనిస్ నౌకలొస్తాయి."

వియన్నా సుల్తాను చేతికి చిక్కి రెండు తరాలైంది. ఆ భయంతో ఇటలీ అంతా వెనిస్ రెక్కల కిందికి చేరి మరో సామ్రాజ్యమైంది. మధ్యలో రగూజా ఇద్దరికీ వంగి వంగి నమస్కారాలు పెడుతూ, ఇద్దరికీ లొంగకుండా బతుకుతోంది.

"ఎలా చంపుతారో ఫియామెట్టాకి తెలుసు. నీకు చెబుతానంటోంది."

"మరి బల్దస్సారే సంగతి?"

జూనియో ఇంకో ఆలివ్ నోట్లో వేసుకున్నాడు. "అతన్ని చంపొద్దని నేనన్నానా?"

* * *

మర్నాడు పొద్దున రగూజాలో ఫియామెట్టా బస గుమ్మం ముందు ఆర్మీనియా అత్తరు వ్యాపారి ఒకడు పెట్టె దించాడు. పెద్ద గడ్డం, ఎత్తు టోపీ. పెట్టెలో సీసాలన్నీ నిజమైన అత్తర్లే. ఒక్క తోలుబుడ్డి తప్ప. దాన్ని నొక్కితే మిరియాల ఘాటు కలిపిన వెనిగర్ చిమ్ముతుంది.

"నిమ్మపువ్వు అత్తరుందా?" అందామె.

"తుఫానులో పోయిందమ్మా. గులాబీ తీసుకోండి."

కోడ్ కలిసింది. తలుపు మూసి, పసుపుపచ్చ గౌను సర్దుకుంటూ ఆమె పకపకా నవ్వింది. "ఆ గడ్డం నీకు బొత్తిగా నప్పలేదయ్యా."

"మా తమ్ముడికి నప్పేదేమో. పెరిగేదాకా నువ్వు ఉండనివ్వలేదు."

ఆమె నవ్వు చెక్కుచెదరలేదు. "ఇదిగో, కోపాలు తర్వాత. నన్ను చంపడానికి మీ పెద్దాయన ఒప్పుకోడని నాకూ తెలుసు."

ఓర్సాత్ పెట్టె మూత మూశాడు. "చెప్పు."

"రాజభవనంలో విందు కదా. షర్బత్‌లో విషం. వంటమనిషి అమ్ముడుపోయాడు. ఆగా కూర్చుని గ్లాసు ఎత్తేదాకా నువ్వు వంటింట్లోంచి కదలకు."

ఆమె మంచం పక్కన సామాను మూటలు కట్టి ఉన్నాయి. "ప్రయాణమా?"

"మరి? విందు పాడయ్యాక బల్దస్సారే నన్ను ముద్దు పెట్టుకుంటాడనుకున్నావా?"

* * *

వంటింట్లో ఓర్సాత్ లావుపాటి వంటవాడి కాలర్ పట్టుకుని గోడకి అదిమాడు. "ఏం కలిపావు?"

"చక్కెర! ఇంకేం కలుపుతారు షర్బత్‌లో, మీ ఇంట్లో సున్నం కలుపుతారా?" వంటవాడు విదిలించుకుని, గరిటెడు ముంచి గటగటా తాగాడు. ఇంకో గరిటె తాగి మూతి తుడుచుకున్నాడు. "చాలా? నువ్వూ తాగుతావా?"

ఓర్సాత్ ఖాళీ గరిటె వైపు చూశాడు. విషం లేదు. వంటింట్లోంచి కదలకు అంది ఫియామెట్టా. అంటే తను బయట ఉండకూడదు. ఆగా విందు దాకా రాడు.

అప్పుడే రేవు కోట మీద మొదటి ఫిరంగి మోగింది. అల్మరాలో పళ్లేలు గలగలలాడాయి.

"ఏమిటది?"

"సలాములయ్యా! ఆగా నౌక వస్తోందిగా. గుండు లేకుండా ఉత్త మందు పేలుస్తారు."

గడ్డం పీకి పారేసి ఓర్సాత్ పరుగందుకున్నాడు. రేవులో జనం. తోసుకుంటూ, తిట్లు తింటూ కోట మెట్లెక్కాడు. పైన పొగ కమ్మేసింది. ఫిరంగులన్నీ మూతులు ఆకాశానికి ఎత్తి, ఒకదాని తర్వాత ఒకటి పేలుతున్నాయి. చివరి మూల ఫిరంగి ఒక్కటే తల దించి, సూటిగా ఆగా నౌకని చూస్తోంది. దాని పక్కన కొత్తగా చేరిన సిసిలీవాడు, చేతిలో నిప్పుకర్ర.

"ఆపరా!" ఫిరంగి మోతలో ఎవరికీ వినబడలేదు.

సిసిలీవాడు మాత్రం చూశాడు. కత్తి దూశాడు. ఓర్సాత్ నడుముకి దోపుకున్న తోలుబుడ్డి తీసి నొక్కాడు. కళ్లు మండి వాడు కేక పెట్టి కూలాడు. నిప్పుకర్ర జారి ఫిరంగి వీపు మీద చల్లిన మందు మీద పడింది. మంట బుస్సుమంటూ ఫిరంగి చెవి వైపు, నిప్పంటించే రంధ్రం వైపు పాకింది.

ఎడమచేతి పక్కన నీళ్ల బాల్చీ. ఒక్క విసురు చాలు, అంతా చల్లారిపోతుంది.

కుడిచేతి పక్కన ఫిరంగిని తిప్పే దుంగ. ఆగా నౌక వెనకగా, కాస్త ఎడంగా, లోక్రుమ్ దీవి నీడలో ఎర్ర గుడారం వేసిన పడవ. అందులో దుర్భిణి పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఓర్సాత్ ఎంత దూరాన ఉన్నా గుర్తుపడతాడు. పక్కన పసుపుపచ్చ గౌను.

ఓర్సాత్ బాల్చీ వైపు చూడనైనా చూడలేదు. దుంగ అందుకుని ఫిరంగి బండి కింద దూర్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాడు.

"లుక్షా!"

రెండేళ్లుగా గొంతులో ఇరుక్కున్న పేరు. ఫిరంగి దాన్ని మింగేసింది. గుండు ఆగా నౌక జెండాని చింపుకుంటూ పోయి ఎర్ర గుడారాన్ని తాకింది. పొగ విడేసరికి అక్కడ గుడారం లేదు. పడవ లేదు. బల్దస్సారే లేడు. తెడ్డు పట్టుకుని ఈదుతున్న పసుపుపచ్చ గౌనుని ఆగా నావికులే పైకి లాగుతున్నారు.

ఓర్సాత్ దుంగ కింద పడేశాడు. జాలి వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

* * *

రేవులో జుల్ఫికర్ ఆగా దిగాడు. ఇద్దరు నావికుల మధ్య నీళ్లోడుతూ ఫియామెట్టా. జూనియో ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఓర్సాత్, చెప్పు వీళ్లకి!" అందామె పళ్లు కటకటలాడిస్తూ. "నేను మీ మనిషినని చెప్పు!"

ఆగా కనుబొమలు ముడిపడ్డాయి. "మీ సలాం ఫిరంగి గుండుతో పేలింది. నా జెండా చిరిగింది."

ఓర్సాత్ నడుం వంచాడు. "మామూలు అతిథులకైతే ఉత్త మందే పేలుస్తాం ప్రభూ. తమరి వెనక వస్తున్న పడవ మంచిది కాదని, గుండు పెట్టి దాని అడ్డు కూడా తొలగించాం."

"ఈవిడ?"

"ఆ పడవలో మనిషే. ఎందుకెక్కిందో ఆవిణ్ణే అడగండి. రహస్యాలు చెప్పడం ఆవిడకి బాగా అలవాటు."

ఆమె పెదవులు మొదటిసారి పాలిపోయాయి. ఆగా ఆమెని, ముక్కలైన పడవని, చిరిగిన జెండాని వరసగా చూశాడు. ఆవిణ్ణి నౌకలోకి తీసుకుపొమ్మని సైగ చేశాడు. తర్వాత గడ్డం నిమురుకుంటూ రాజభవనం వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగాడు.

"వెళ్లేటప్పుడు మాకు సలాములొద్దు. చెయ్యి ఊపండి, చాలు."