దబీర్‌పురా తహఖానాలో దగ్గు

దబీర్‌పురా స్టేషన్ వెనక ఆ పాత ఇంటి ముందు చీకటిపడ్డాక ఆటో ఆపరు. ఇంటికింద తహఖానా ఉంది — కిటికీ లేని నేలమాళిగ. అందులోంచి ఎవరో దగ్గుతారట... బొగ్గుపొడి మింగినవాడి దగ్గు.

అక్కడ అద్దెకు దిగిన కంపెనీకి మాత్రం ఆ చీకటే నచ్చింది. బొగ్గుగనుల్లో గోడలకు తగిలించే వైర్‌లెస్ పెట్టెల్ని అక్కడే పరీక్షించేవారు. గ్యాస్ ఎంతుందో ఒక పెట్టె పక్కదానికి చెబుతుంది, అది ఆ పక్కదానికి — అలా కబురు పైకి చేరుతుంది. హద్దు దాటితే హారన్ మోగుతుంది.

2007 వానల్లో ఒక గనిలో హారన్ మోగలేదు. గ్యాస్ పేలి నలుగురు మట్టికింద ఉండిపోయారు.

ఎందుకు మోగలేదో కంపెనీ ఇంజనీరు వీరరాఘవరావుకు తెలుసు. మాటిమాటికీ పని ఆగుతోందని గనివాళ్లు విసుక్కుంటే, హద్దు పెంచింది ఆయనే. మనిషికి ఊపిరాడకపోయినా లాభానికి ఆడాలి కదా. పెట్టెలు గోనెసంచిలో వెనక్కి వచ్చాయి. తెల్లవారితే విచారణ. ఈ రాత్రే వాటిలో నమోదైన హద్దూ, గ్యాస్ అంకెలూ అన్నీ తుడిచేయాలి.

వాచ్‌మన్ దస్తగీర్ గొంతు తగ్గించాడు. "కింద మంచిగ లేదు సాబ్. పొద్దుగాల చూస్కోరాదు."

"దగ్గుకే భయపడతానా? బయట తాళం వేసెయ్ భాయ్, ఎవర్నీ రానివ్వకు."

కింద లాప్‌టాప్ వెలుగొక్కటే. ఒకటో పెట్టె తుడిచాడు. రెండోది తుడిచాడు. మూడోది... ఈలోగా తెరమీద ఒకటోది మళ్లీ నిండింది. మళ్లీ తుడిచాడు — మళ్లీ నిండింది. గ్యాస్ అంకె పెరుగుతోంది. రెండు... మూడు... నాలుగు. అన్ని పెట్టెలదీ ఒకటే మాట — తొమ్మిదో పెట్టె దగ్గర గ్యాస్.

హారన్ మోగలేదు.

రావుకు ఊపిరాడలేదు. మెట్లెక్కి తలుపు బాదాడు, దగ్గాడు, బతిమాలాడు. పైన దస్తగీర్‌కు ఆ దగ్గు వినపడింది. రోజూ వినపడేదే అనుకుని, కళ్లు మూసుకుని దువా చదువుకున్నాడు. విచారణ అధికారి వచ్చేదాకా తాళం ముట్టలేదు.

అధికారి అడగకముందే రావు చెప్పేశాడు. "హద్దు నేనే పెంచాను. నలుగుర్నీ నేనే..."

కంపెనీలో పెట్టెలు అమర్చే నుజహత్ అధికారి వెంటే వచ్చి అంతా విన్నది. కింద గ్యాస్ ఏమీ లేదని చెప్పింది. ఒక పెట్టెలో తుడిస్తే పక్కవి తిరిగి నింపుతాయి, వాటి పనే అది. రావు చూసింది ఆ నలుగురి చివరి గంటలో నమోదైన అంకెలు.

రావుకు అప్పటికి ఊపిరి తిరిగింది.

అధికారి తెరమీదికి వంగాడు. "మరి తొమ్మిదో పెట్టె పక్కన నిన్న రాత్రి టైమెందుకుంది?"

నుజహత్ గోనెసంచి బోర్లించి లెక్కపెట్టింది. ఎనిమిదే.

"తొమ్మిదోది రాలేదు సార్," అంది మెల్లగా. "అది వాళ్లతోనే... మట్టికిందనే ఉంది."