మందు పెట్టినవాడు

"మావోడు మందెట్టినాను అన్నాడు బాబూ, అంతే! దానికే లోపలేసి కుమ్మేత్తన్నారు," అంటూ కృపావతి గుమ్మంలోనే కూలబడింది.

ప్రైవేట్ డిటెక్టివ్ సర్వేశ్వరరావు అరకులో ఏదో తోట తగాదా తేల్చి, లాడ్జిలో పెట్టె సర్దుకుంటున్నాడు. పెట్టె పక్కకి నెట్టేశాడు. అసిస్టెంట్ స్వర్ణ ఆమెకు మంచినీళ్లిచ్చింది.

సంగతి ఇదీ. మనిషి కిడ్నీకీ పంది కిడ్నీకీ దగ్గర పోలిక. అందుకని డాక్టర్ జగన్నాథరావు తన పరిశోధన కేంద్రంలో పందులకు ప్రత్యేకమైన మేత పెట్టి, కిడ్నీలో రాళ్లెలా పుడతాయో చూస్తున్నాడు. వాటికి మేత వేసేది కృపావతి మొగుడు మంగ్లు. నిన్న ఆరు పందులూ చచ్చాయి. మంగ్లు ఇంట్లో పురుగుమందు సీసా దొరికింది. చేనున్న ఏ ఇంట్లో ఉండదు గనక! కానీ ఎస్సైగారికి ఇంకేం కావాలి? కొండమనిషి, పైగా తన నోటితోనే అన్నాడాయె.

ఇద్దరూ వెళ్లేసరికి కేంద్రం ముందు జీపు బానెట్టెత్తి డ్రైవర్ వరహాలు రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నాడు. "కొత్త కూలెంటు డబ్బా ఎవడు నొక్కేశాడో గానీ, ఘాట్ రోడ్డెక్కితే ఇంజను సలసలా మరిగిపోతోందండి," అని తిట్టుకున్నాడు.

పందుల తొట్టి అంచున ఆకుపచ్చ మరక ఉంది. స్వర్ణ దాన్ని దూదితో అద్ది దాచింది.

లోపల డాక్టరు ఏడవాల్సింది పోయి వెలిగిపోతున్నాడు. "కోసి చూశాను. కిడ్నీల నిండా స్ఫటికాలే! నెలల తరబడి మేపినా పట్టనివి ఇప్పుడు పట్టాయి. ఢిల్లీ సభలో ఈ ఫొటోలే చూపిస్తా!"

సాయంత్రం అందర్నీ స్టేషన్లో కూర్చోబెట్టాడు సర్వేశ్వరరావు. మంగ్లు కుడిచెయ్యి వాచి వేలాడుతోంది.

"మందు పెట్టానన్నావట. ఏ మందు?"

"డాక్టరుబాబు ఇచ్చిన పచ్చ మందండి. రాయి బేగి పడతాది, మేతలో కలపమన్నారు. సెప్పబోతే కొట్టినారు."

"అబద్ధం!" అని లేచాడు డాక్టరు.

"కూర్చోండి! పురుగుమందుతో చచ్చిన పంది కిడ్నీలో స్ఫటికాలు పుట్టవు. కూలెంటుతో చస్తే పుడతాయి. అది ఒంట్లో పడితే కిడ్నీలో స్ఫటికాలు కడతాయి, మీరు చదువుకున్నదే. మేతతో ఆలస్యమవుతోందని డబ్బా కాజేశారు, మోతాదు మించింది. కూలెంటు రంగూ ఆ పచ్చే, తొట్టి మరక అద్దిన దూది మా దగ్గరుంది." ఎస్సై వైపు తిరిగాడు. "వీళ్లు మందంటే వైద్యం. మీకు వినపడింది విషం. ఏ మందురా అని ఒక్క మాట అడిగితే మీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"పందులేగా, నావేగా!" అని గొణిగాడు డాక్టరు.

"పందులు మీవి. మంగ్లు మీవాడా, బలివ్వడానికి?"

ఎస్సై మంగ్లు వైపు తిరిగి, "సరే, నువ్వు పోరా," అన్నాడు.

కృపావతి కదల్లేదు. మొగుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేలమీదే కూర్చుంది.

"ఎల్నండి. పందులు సస్తే కేసు కట్టినారు. ఈ సెయ్యి ఇరగ్గొట్టినోడి మీద ఏటి కడతారు? సెప్పండి, అప్పుడెల్తాం."

సర్వేశ్వరరావు కుర్చీ వదిలి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు.

"చెప్పండి ఎస్సైగారూ. మేమూ వింటాం," అన్నాడు.