పేర్లొచ్చాయి, పాటలేవీ?

"అయిపోయింది పిన్నీ! మొత్తం వచ్చేశాయి!"

తూనీగ కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. ఆ పిల్ల అసలు పేరు స్కూలు రిజిస్టర్లో భద్రంగా ఉంది. కాలు ఒకచోట నిలవదు కాబట్టి ఇంట్లోనూ వీధిలోనూ అందరికీ తూనీగే. వయసు పదకొండేళ్లు. కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం తానో పెద్ద ఇంజనీరునని నమ్మకం.

పిన్ని డాన్స్ టీచరు. మేడమీద పొడవాటి హాల్లో పిల్లలకు నేర్పుతుంది. ఆమె పాత కంప్యూటర్లో నాలుగువందల పన్నెండు పాటలున్నాయి. అవి మామూలు పాటలు కావు. పిల్లల అడుగులకు సరిపోయేలా ఒక్కోదాన్నీ పిన్ని తనే కత్తిరించి, నెమ్మది చేసి, మధ్యలో చప్పట్లు కలిపి తయారుచేసుకుంది. తొమ్మిదేళ్ల పని అది. ఎక్కడ వెతికినా మళ్లీ దొరకదు.

నిన్న కొత్త లాప్‌టాప్ వచ్చింది. దాని తీరే వేరు. పాతదానిలో నడిచే సిస్టమ్ ఒకటి, దీనిలో నడిచేది మరొకటి. "పాటలు నేను మారుస్తా, నేను మారుస్తా" అని నిన్నటినుంచీ పిన్ని ప్రాణం తీసి, తూనీగ ఆ పని సంపాదించింది.

పాత కంప్యూటర్లో "నా పాటల జాబితా" అని ఒక ఫైలు కనిపించింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి లాగింది, కొత్తదానిలో తెరిచింది. తెర నిండా పాటల పేర్లు! ఒకటో నంబరు నుంచి నాలుగువందల పన్నెండు దాకా, వరసగా.

"ఇంత తొందరగానా?" పిన్నికి నమ్మకం కుదరలేదు. "తొమ్మిదేళ్ల పాటలే!"

"కొత్తది కదా పిన్నీ. మెరుపు వేగం!"

"ఒకటి పెట్టి విన్నావా?"

అడిగింది గుమ్మంలో నిలబడి ఉన్న మెకానిక్ అక్క. వీధి చివర రిపేరు షాపు ఆమెదే. పాత కంప్యూటర్‌ లోపల ఉన్నవన్నీ తుడిచేసి, దాన్ని అడిగి పెట్టుకున్న టైలర్ గారికి ఇవ్వడానికి తీసుకెళుతోంది. ఆమె ముందు "లేదు" అనడానికి తూనీగకు నామోషీ అనిపించింది.

"ఆ, విన్నా" అనేసింది.

"అయితే సరే. నాలుగింటికి దీన్ని తుడిచేస్తాను టీచర్ గారూ. ఒకసారి తుడిచానంటే మళ్లీ ఏమీ తేలేను" అని చెప్పి, మెకానిక్ అక్క కంప్యూటర్‌ని స్కూటర్‌కి కట్టుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం మూడున్నరకి పిన్ని కుర్చీలు తేవడానికి కిందికి వెళ్లింది. ఆ సాయంత్రం ఆరింటికి పిల్లల ప్రదర్శన. తొమ్మిది పాటలు, ఇరవై ఇద్దరు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. తూనీగకు సంతోషం పట్టలేదు. ఖాళీ హాల్లో ఒక్కతే ఓ డాన్స్ చేద్దామని మొదటి పాట నొక్కింది.

పాట రాలేదు. "ఫైలు దొరకలేదు" అని చిన్న అక్షరాలు, పేరు పక్కన ఓ ఎర్ర గుర్తు వచ్చాయి.

రెండోది నొక్కింది. దొరకలేదు. పదోది, నూరోది, మూడువందలోది... ఒక్కటీ పలకలేదు. "పిన్నీ!" అని కేకేసింది తూనీగ.

"ఏమైందే?" పిన్ని వచ్చి తెర చూసింది. తనూ నాలుగైదు పాటలు నొక్కింది. "పొద్దున వినిపించినవి ఇప్పుడేమయ్యాయి? ఈ కొత్తదే పాడై ఉంటుంది. ఉండు, అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తాను. ఎవరినైనా పంపమంటాను."

అమ్మయ్య, బతికిపోయాను అనుకుంది తూనీగ. తప్పు లాప్‌టాప్‌ది. తనదేం లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు.

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. అమ్మినవాళ్లు ఎప్పటికొస్తారో! ఈలోగా నాలుగవుతుంది. అక్కడ మెకానిక్ అక్క...

"పిన్నీ, ఫోన్ పెట్టేయ్!" తూనీగ లేచి నిలబడింది. "లాప్‌టాప్ పాడవలేదు. పొద్దున నేను ఒక్క పాట కూడా వినలేదు. విన్నానని అబద్ధం చెప్పాను. పాటలు ఇంకా పాతదానిలోనే ఉన్నాయేమో పిన్నీ!"

పిన్ని ఫోన్ పెట్టేసింది. తిడుతుందనుకుంది తూనీగ. తిట్టడానికి టైమేదీ?

"పద!" అంది పిన్ని.

మెకానిక్ అక్కకి ఫోన్ చేస్తూనే మెట్లు దిగారు. ఆమె ఎత్తలేదు. పని చేసేటప్పుడు ఫోన్‌ని సొరుగులో పడేయడం ఆమె అలవాటు. ఇంకేముంది, పరుగే పరుగు! బేకరీ దాటారు, సైకిల్ షాపు దాటారు. పిన్ని చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని మరీ పరిగెత్తింది. "టీచర్ గారూ, ఏమైందండీ?" అని సైకిల్ షాపాయన అరిచాడు. జవాబు చెప్పే ఊపిరి ఎవరి దగ్గరుంది?

షాపు బల్లమీద పాత కంప్యూటర్ వెలుగుతోంది. మెకానిక్ అక్క వేలు మీట మీదే ఉంది.

"అక్కా, తుడవకండి!"

ఆమె ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంది.

తూనీగ ఆయాసపడుతూనే జరిగిందంతా చెప్పింది. అబద్ధం సంగతి కూడా దాచలేదు. మెకానిక్ అక్క పెన్‌డ్రైవ్ పెట్టి చూసి పకపకా నవ్వింది.

"హాజరు పట్టీ పట్టుకెళ్లి పిల్లల్ని ఇక్కడే వదిలేశావు కదమ్మా! నువ్వు తీసుకెళ్లింది ఉత్త పేర్లు. ఏ పాట ఏ గదిలో ఉందో దీనిలో రాసి ఉంటుంది, అంతే. ఆ గదులు ఈ కంప్యూటర్లో ఉన్నాయి. నీ కొత్తదానికి ఆ అడ్రసులేం తెలుసు?"

"అయితే పాటలు?"

"ఇదిగో, ఈ ఫోల్డర్లో హాయిగా నిద్రపోతున్నాయి."

పిన్ని అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడింది. తూనీగకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఈసారి అసలు ఫోల్డర్నే పెన్‌డ్రైవ్‌లోకి పంపారు. పాత మిషను కదా, నింపాదిగా కదిలింది. ఇరవై శాతం, నలభై, అరవై. తొంభై దగ్గర ఆగి ముగ్గురి ప్రాణాలూ తోడేసింది. చివరికి నూరు! ఇంటికెళ్లాక కొత్తదానికి పాటలెక్కడున్నాయో ఎలా చూపించాలో కూడా మెకానిక్ అక్క కాగితం మీద రాసిచ్చింది.

ఐదింటికల్లా ఇంట్లో ఉన్నారు. కాగితంలో ఉన్నట్టే చేసింది తూనీగ. పాటల పేర్ల పక్కన ఎర్ర గుర్తులు పోయాయి. అప్పటికే మెట్ల మీద పిల్లల గోల మొదలైంది.

"వచ్చేశాయా?" అని పిన్ని గుమ్మంలోంచి అడిగింది.

తూనీగ నాలుక చివరిదాకా "ఆ" వచ్చింది. దాన్ని మింగేసింది.

"ఇంకా తెలీదు పిన్నీ. వినాలి."

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ఈరోజు కావలసిన తొమ్మిది పాటల్నీ ఒక్కోటీ మొదలు, మధ్య, చివర వింటూ పోయింది. కాలు ఊపకుండా, కుర్చీ తిప్పకుండా కూర్చున్న తూనీగని చూసి పిన్నే ఆశ్చర్యపోయింది. మొదటి ఆరూ బాగున్నాయి. ఏడోది పలకలేదు! అన్నిటికన్నా చిన్నపిల్లలు ఆడే కప్పల డాన్స్ పాట అది.

ఈసారి తూనీగ కంగారు పడలేదు. జాబితాలో దాని పాత అడ్రసు చదివింది. మిగతావన్నీ ఉన్న ఫోల్డర్లో కాదు, పిన్ని దాన్ని వేరేచోట పెట్టుకుంది. వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, ఒక కప్ప అక్కడే ఉండిపోయింది! డెస్క్‌టాప్ మీద, 'కొత్తవి' అనే ఫోల్డర్లో చూడండి."

మెకానిక్ అక్క ఈసారి ఫోన్ చేతిలోనే పెట్టుకుని ఉంది, పాతదాన్ని ఇంకా తుడవలేదు. రెండు నిమిషాల్లో పాట పంపించింది. తూనీగ దాన్ని కూడా చివరిదాకా విన్నాకే హెడ్‌ఫోన్లు తీసింది.

"తొమ్మిదీ విన్నాను పిన్నీ. నిజంగా!"

పిన్ని ఆమె తల నిమిరింది. "తెలుస్తోందిలే" అంది.

ఆరింటికి హాలు కిక్కిరిసిపోయింది. బుల్లి కప్పలు ఎగిరినప్పుడు చప్పట్లతో పైకప్పు అదిరింది. లాప్‌టాప్ దగ్గర నిలబడ్డ తూనీగ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. మెకానిక్ అక్క.

"టైలర్ గారు వచ్చి కూర్చున్నారు. పాతది ఇక తుడిచేయనా?"

"ఇంకో రెండు రోజులు ఆగమనండి అక్కా, ప్లీజ్!" అంది తూనీగ. "తొమ్మిదే విన్నాను. ఇంకా నాలుగువందల మూడు ఉన్నాయి."